మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.: ఎవరికి ఏది, ఎన్నేళ్లకోసారి

రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోవాలా, అల్ట్రాసౌండ్ సరిపోతుందా, ఎలాగూ పరీక్షకు వెళ్తున్నప్పుడు ఎం.ఆర్.ఐ.యే మేలు కదా అని అడిగేవారు చాలామంది ఉంటారు. ఈ ప్రశ్నకు జవాబు యంత్రాల దగ్గర మొదలుకాదు. అడుగుతున్న స్త్రీకి రొమ్ములో ఏదైనా మార్పు కనిపించిందా, లేక ఏ బాధా లేకుండా ముందుజాగ్రత్త కోసమే అడుగుతోందా అన్నది మొదట తేలాలి. ఆ తరువాత ఆమెకున్న ముప్పు ఎంతో చూడాలి, ఆ పైన వయసు, ఆ పైన పరీక్షకూ పరీక్షకూ మధ్య ఎడం. యంత్రం మాట చిట్టచివర వస్తుంది. ఈ వరుస తలకిందులైతే అవసరం లేనివారు అతి సున్నితమైన పరీక్షల చుట్టూ తిరుగుతారు, అవసరం ఉన్నవారు రిపోర్టు బాగానే ఉందన్న ధీమాతో ఇంట్లో కూర్చుంటారు.

మార్పు కనిపించినవారి దారి వేరు

రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగలడం, చర్మం సొట్టపడడం లేదా నారింజ తొక్కలా మారడం, ఇంతకాలం బయటికి ఉన్న చనుమొన లోపలికి లాక్కుపోవడం, నొక్కకుండానే ఒక వైపు చనుమొన నుంచి రక్తమో నీరులాంటి స్రావమో రావడం, చనుమొన మీద పుండు ఎంతకీ మానకపోవడం వంటివి కనిపించినప్పుడు స్క్రీనింగ్, అంటే ఏ లక్షణమూ లేనివారికి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష, అన్న మాటే వర్తించదు. రెండేళ్లకోసారా, ఏడాదికోసారా అన్న చర్చ కూడా అక్కడ అనవసరం. అప్పుడు చేసేది రోగనిర్ధారణ. అందులో వైద్యుడు చేత్తో పరీక్షించడం, చిత్రాలు తీయించడం, అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి చూడడం (బయాప్సీ) అనే మూడు మెట్లూ కలిసి ఉంటాయి. సాధారణంగా ముప్పై ఏళ్ల లోపువారికి మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు, ఎందుకంటే ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో స్పష్టత తక్కువ. నలభై దాటినవారికి మామోగ్రామ్, దానికి తోడుగా అల్ట్రాసౌండ్ చేస్తారు. మధ్య వయసువారికి ఏది ముందన్నది పరీక్షించిన వైద్యుడి నిర్ణయం.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చేతికి గడ్డ తగులుతున్నా మామోగ్రామ్‌లో ఏమీ కనబడలేదంటే, ఆ ఫలితం గడ్డను కొట్టిపారేయడానికి ఆధారం కాదు. మామోగ్రామ్‌కు కనబడని క్యాన్సర్లు ఉంటాయి. ఆరు నెలల క్రితం స్క్రీనింగ్‌లో అంతా బాగుందని చెప్పినా సరే, ఈ రోజు కొత్తగా తగిలిన గడ్డను కొత్త విషయంగానే చూడాలి. అయితే రొమ్ములో నొప్పి ఒక్కటే ఉండి మరే మార్పూ లేనప్పుడు దాని వెనుక క్యాన్సర్ ఉండడం అరుదు. నెలసరికి ముందు వచ్చి తగ్గిపోయే నొప్పి చాలావరకు హార్మోన్ల వల్ల కలిగేదే.

స్క్రీనింగ్ వల్ల ఒనగూరేది ఎంత

ఇక ఏ లక్షణమూ లేనివారి సంగతి. ప్రపంచ వ్యాప్తంగా 2022లో సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 6 లక్షల 70 వేల మంది దానివల్ల మరణించారు. గడ్డ చేతికి తగలకముందే పట్టుకుంటే చికిత్స తేలికవుతుందన్న ఆలోచన సహజమైనదే అయినా, అది నిజంగా ప్రాణాలు నిలబెడుతుందా అన్నది ప్రయోగాలు చేసి తేల్చవలసి వచ్చింది. న్యూయార్క్‌లో 1963లో మొదలైన అధ్యయనం వాటిలో మొదటిది. 1977లో స్వీడన్‌లోని రెండు జిల్లాల్లో మొదలైనది మరొక ముఖ్యమైనది. రెండూ మరణాలు తగ్గాయని చూపించాయి. 1980లో కెనడాలో మొదలైన అధ్యయనం మాత్రం తగ్గలేదని చెప్పింది, దాని మీద వాదోపవాదాలు దశాబ్దాల పాటు సాగాయి.

వీటన్నిటినీ ముందు పెట్టుకుని 2012లో బ్రిటన్‌లోని ఒక స్వతంత్ర నిపుణుల బృందం వేసిన లెక్క నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నిజాయతీగా ఉంటుంది. స్క్రీనింగ్‌కు పిలుపు అందుకున్నవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 20 శాతం తగ్గుతాయని ఆ బృందం తేల్చింది. 20 శాతం అంటే ఘనంగా వినిపిస్తుంది. దానినే తలలు లెక్కపెట్టి చెబితే ఇలా ఉంటుంది: యాభై ఏళ్ల వయసున్న 10,000 మంది స్త్రీలను ఇరవై ఏళ్ల పాటు స్క్రీనింగ్‌కు పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి, 129 మందికి అతినిర్ధారణ జరుగుతుంది. స్క్రీనింగ్ గురించి సలహా చెప్పేవారు ఈ రెండు అంకెలనూ కలిపి చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది దాచితే అది సలహా అనిపించుకోదు.

అతినిర్ధారణ అన్న మాటకు కాస్త వివరణ అవసరం. పరీక్షలో కనబడినది క్యాన్సరే, పరీక్ష తప్పు కాదు. కానీ అది ఆ స్త్రీ జీవితకాలంలో బయటపడకుండానే, ఏ హానీ చేయకుండానే ఉండిపోయేది. పాలనాళాల లోపలే ఆగిపోయి బయటి కణజాలంలోకి చొరబడని తొలి దశ మార్పులు ఇందులో చెప్పుకోదగ్గ భాగం. వాటిలో ఏది ముదురుతుందో, ఏది అలాగే ఉంటుందో ముందే నిశ్చయంగా చెప్పే సాధనం లేదు కాబట్టి దాదాపు అందరికీ శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు. అందువల్ల 129 మందిలో తాను ఒకరినని ఏ స్త్రీకీ ఎన్నడూ తెలియదు, ప్రాణం నిలిచిన 43 మందిలో తాను ఒకరినని కూడా తెలియదు. ఈ అనిశ్చితిని ఒప్పుకుని తీసుకునే నిర్ణయమే స్క్రీనింగ్.

ముప్పు ఎంతో తెలుసుకోవడం

వయసు కన్నా ముందు చూసుకోవలసింది ముప్పు. కిందివారిలో ఎవరికైనా సాధారణ కాలపట్టిక సరిపోదు: పాడైతే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బి.ఆర్.సి.ఎ. 1 లేదా 2 జన్యువుల్లో హానికరమైన మార్పు ఉన్నవారు, ఆ మార్పు ఉన్న వ్యక్తికి తల్లి, అక్కచెల్లెలు లేదా కూతురు అయి ఉండి తాము పరీక్ష చేయించుకోనివారు, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో మరో జబ్బుకు ఛాతీ మీద రేడియేషన్ చికిత్స పొందినవారు, కుటుంబ చరిత్రను బట్టి గణించినప్పుడు జీవితకాల ముప్పు 20 శాతం దాటినవారు. బి.ఆర్.సి.ఎ. మార్పు ఉన్నవారిలో ఎనభై ఏళ్ల వయసు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం వరకు ఉంటుంది. వీరికి ఏటా ఎం.ఆర్.ఐ., ముప్పై దాటాక దానికి తోడు ఏటా మామోగ్రామ్ అన్నది స్థిరపడిన పద్ధతి, ఎం.ఆర్.ఐ. పాతికేళ్లకే మొదలుపెట్టవచ్చు. కొందరు వైద్యులు రెండింటినీ ఆరు నెలల ఎడంతో మార్చి మార్చి చేయిస్తారు.

కుటుంబ చరిత్ర అనగానే తల్లి వైపు మాత్రమే చెప్పడం ఎక్కువమందికి అలవాటు. ఈ జన్యువులు తండ్రి నుంచి కూడా సంక్రమిస్తాయి, కాబట్టి మేనత్తకు, నాయనమ్మకు వచ్చిన రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్‌ను కూడా వైద్యుడికి చెప్పాలి. ఎవరికి వచ్చింది అన్నదానితో పాటు ఎంత చిన్న వయసులో వచ్చింది అన్నదీ అంతే ముఖ్యం. మరోవైపు, మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు అనుకోవడం పొరపాటు. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చిన జన్యు మార్పుల వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే. కుటుంబంలో ఎవరికీ లేకుండానే ఈ జబ్బు వచ్చినవారే ఎక్కువ.

ఏ వయసులో, ఎన్నేళ్లకోసారి

సగటు ముప్పు ఉన్నవారి విషయంలో దేశానికో మాట, సంస్థకో మాట వినిపిస్తుంది. అమెరికాలోని ప్రభుత్వ నిపుణుల కార్యదళం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి అని చెప్పింది. అంతకు ముందు 2009లోనూ 2016లోనూ అదే సంస్థ యాభై నుంచి మొదలుపెట్టమని, నలభైల్లో ఎవరి నిర్ణయం వారిదని చెప్పింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 45 నుంచి 54 వరకు ఏటా, ఆ తరువాత రెండేళ్లకోసారి అంటుంది, 40 నుంచి 44 మధ్య కావాలనుకున్నవారు మొదలుపెట్టవచ్చునంటుంది. అక్కడి రేడియాలజిస్టుల సంఘం నలభై నుంచి ఏటా చేయించుకోవాలంటుంది. బ్రిటన్‌లో యాభై నుంచి 71వ పుట్టినరోజు వరకు మూడేళ్లకోసారి పిలుస్తారు. యూరోపియన్ కమిషన్ మార్గదర్శకాల్లో 45 నుంచి 49 వరకు రెండు లేదా మూడేళ్లకోసారి, 50 నుంచి 69 వరకు రెండేళ్లకోసారి, 70 నుంచి 74 వరకు మూడేళ్లకోసారి అని ఉంది.

ఇన్ని మాటలు వినగానే శాస్త్రమే తేలలేదనిపిస్తుంది. నిజానికి వీరందరి ముందు ఉన్న ఆధారాలు దాదాపు ఒకటే. లాభానికి ఎంత తూకం, నష్టానికి ఎంత తూకం అన్న దగ్గరే తేడా. అందరూ కలిసే చోటు ఒకటుంది: యాభై నుంచి అరవై తొమ్మిది వరకు. ఆ వయసులో ఉన్నవారు ఎక్కువ ఆలోచించనవసరం లేదు, రెండేళ్లకోసారి మామోగ్రామ్ చేయించుకోవడం సబబైన ఎంపిక.

నలభైల్లో ఉన్నవారి నిర్ణయం కష్టమైనది. బ్రిటన్‌లో 39 నుంచి 41 ఏళ్ల మధ్య వయసున్న 1,60,921 మందితో జరిగిన అధ్యయనంలో, నలభైల్లో ఏటా మామోగ్రామ్‌కు పిలుపు అందుకున్నవారిలో మొదటి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 25 శాతం తగ్గాయని 2020లో తేలింది. ఆ వయసులో జబ్బే తక్కువ కాబట్టి, ఒక్క మరణం తప్పడానికి సుమారు 1,150 మందిని పరీక్షించవలసి వచ్చింది. లాభం ఉంది, చిన్నది. నష్టం కూడా ఉంది, అది తరచుగా ఎదురయ్యేది. అనుమానంతో మళ్లీ రమ్మనే అనవసరపు పిలుపులు, మళ్లీ మళ్లీ చిత్రాలు, అప్పుడప్పుడు అక్కరలేని బయాప్సీ అన్నవి చిన్న వయసువారికే ఎక్కువ. వీటిని తట్టుకోగలననుకునేవారు, కుటుంబంలో ఒక్కరికైనా చిన్న వయసులో ఈ జబ్బు వచ్చినవారు నలభై నుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అనుమానం అన్న మాటకే నెలల తరబడి నిద్ర పట్టనివారు నలభై అయిదు వరకు ఆగినా తప్పు చేసినట్టు కాదు.

ఏడాదికోసారా, రెండేళ్లకోసారా అన్నదానికి 2009లో ఆరు బృందాలు కంప్యూటర్ నమూనాలతో కట్టిన లెక్క ఇప్పటికీ ఉపయోగపడుతుంది. రెండేళ్లకోసారి చేస్తే, ఏటా చేయడం వల్ల కలిగే లాభంలో సగటున 81 శాతం దక్కుతుంది, తప్పుడు అనుమానాలు దాదాపు సగానికి తగ్గుతాయి. ముట్లు ఇంకా ఆగనివారిలో, రొమ్ము దట్టంగా ఉన్నవారిలో గడ్డలు కొంత వేగంగా పెరుగుతాయన్న కారణంతో ఏటా వైపు మొగ్గే వైద్యులూ ఉన్నారు. ముట్లు ఆగిపోయినవారికి రెండేళ్ల ఎడం నిశ్చింతగా సరిపోతుంది.

డెబ్బై అయిదు దాటాక వయసు అంకెను పక్కన పెట్టి ఆరోగ్యాన్ని చూడాలి. స్క్రీనింగ్ ఫలం చేతికందడానికి పదేళ్లు పడుతుంది. ఇంకా పదేళ్లు హాయిగా తిరగగలరనుకునే ఆరోగ్యవంతురాలికి కొనసాగించడంలో అర్థం ఉంది. గుండె, మూత్రపిండాల జబ్బులతో నలిగిపోతున్నవారికి ఆపేయడమే మేలు.

యంత్రాల పోలిక

మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య అదిమి తీసే తక్కువ మోతాదు ఎక్స్‌రే. ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు చిత్రాలు. ఫిల్మ్ మీద తీసే పాత పద్ధతి చాలాచోట్ల డిజిటల్‌కు మారింది. 49,528 మంది స్త్రీల మీద జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనంలో, మొత్తంగా చూస్తే రెండూ సమానమే అయినా, యాభై లోపువారిలో, దట్టమైన రొమ్ము ఉన్నవారిలో డిజిటల్ మెరుగని తేలింది. కాబట్టి ఆ వర్గాలవారికి ఎంచుకునే వీలుంటే డిజిటల్ వైపే వెళ్లాలి.

త్రీడీ మామోగ్రామ్‌గా పిలిచే టోమోసింథసిస్‌లో యంత్రం విల్లులా కదులుతూ చిత్రాలు తీసి, రొమ్మును సన్నని పొరలుగా చూపిస్తుంది. ఒక పొర మీద ఇంకో పొర పడి గడ్డలా భ్రమ కలిగించడం దీనిలో తక్కువ. అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. క్యాన్సర్లను కొంచెం ఎక్కువగా పట్టుకుంటుంది, తప్పుడు పిలుపులను కొంచెం తగ్గిస్తుంది. అందుబాటులో ఉంటే మంచిదే, లేకపోతే మామూలు డిజిటల్ చేయించుకుని నిశ్చింతగా ఉండవచ్చు. త్రీడీ యంత్రం కోసం ఏడాది వాయిదా వేయడం మాత్రం తెలివైన పని కాదు. రెండు రకాల చిత్రాలనూ విడివిడిగా తీసే యంత్రాల్లో రేడియేషన్ పెరుగుతుంది. త్రీడీ నుంచే మామూలు చిత్రాన్ని కూర్చే కొత్త యంత్రాల్లో ఆ ఇబ్బంది లేదు.

రేడియేషన్ భయం గురించి ఒక మాట. మామూలు మామోగ్రామ్‌లో ఒంటికి అందేది సుమారు 0.4 మిల్లీసీవర్టులు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రకృతి సహజంగా మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున అందేది 2.4. అంటే ఒక పరీక్ష రెండు నెలల సహజ రేడియేషన్‌తో సమానం. నలభై దాటినవారికి ఇది పరీక్ష మానుకోవడానికి కారణం కాదు.

దట్టమైన రొమ్ము అన్న మాట ఇటీవల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపిస్తోంది. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి ప్రతి స్త్రీకీ ఆ సంగతి తెలియజేయాలన్న నియమం వచ్చింది. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా కనిపిస్తుంది. పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే కణజాలం తెల్లగా కనిపిస్తాయి, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. దట్టమైన రొమ్ములో గడ్డను వెతకడం సున్నం కొట్టిన గోడ మీద సుద్దముక్క గీతను వెతకడమే. సాంద్రతను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా చెబుతారు. సి, డి తరగతులను దట్టమైనవిగా లెక్కిస్తారు, నలభై దాటినవారిలో దాదాపు సగం మంది ఈ రెండింటిలోకే వస్తారు. ఇది జబ్బు కాదు. చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు, చిత్రం చూసినవారే చెప్పగలరు.

అల్ట్రాసౌండ్‌కు రేడియేషన్ లేదు, నొక్కుడు లేదు, నీటి తిత్తికీ గట్టి గడ్డకూ తేడా వెంటనే చెబుతుంది. అందుకే మామోగ్రామ్ బదులు ఇదే చాలునని చాలామంది అనుకుంటారు. తొలి దశ క్యాన్సర్‌కు తరచుగా ఏకైక గుర్తుగా ఉండే అతి సన్నని కాల్షియం రేణువులను పట్టుకోవడంలో ఇది మామోగ్రామ్‌కు సాటిరాదు, ఆ లోటు ఒక్కటే దీనిని బదులుగా వాడకుండా చేస్తుంది. తోడుగా వాడితే ఎలా ఉంటుందో జపాన్‌లో నలభైల్లో ఉన్న సుమారు 73 వేల మంది మీద చూశారు. మామోగ్రామ్ ఒక్కటే చేసినప్పుడు ఉన్న క్యాన్సర్లలో 77 శాతం దొరికితే, రెండూ కలిపినప్పుడు 91.1 శాతం దొరికాయి. ప్రతిఫలంగా, జబ్బు లేనివారికి జబ్బు లేదని సరిగ్గా చెప్పడం 91.4 నుంచి 87.7 శాతానికి పడిపోయింది. ఎక్కువ పట్టుకునే ప్రతి పరీక్షా ఎక్కువమందిని భయపెడుతుందన్నది ఈ రంగంలో దాదాపు తప్పని నియమం.

ఎం.ఆర్.ఐ. అన్నిటికన్నా సున్నితమైనది. నెదర్లాండ్స్‌లో 40,373 మందితో జరిగిన అధ్యయనంలో, డి తరగతి సాంద్రత ఉండి మామోగ్రామ్ మామూలుగా వచ్చినవారిలో కొందరిని ఎం.ఆర్.ఐ.కి పిలిచారు. రెండు పరీక్షల నడుమ లక్షణాలతో బయటపడే క్యాన్సర్లు, పిలవనివారిలో వెయ్యికి 5 ఉంటే పిలిచినవారిలో 2.5కు తగ్గాయి. పిలుపు అందినా అందరూ వెళ్లలేదు, 59 శాతం మందే వెళ్లారు. వెళ్లినవారిలో వెయ్యికి సుమారు 80 మందికి మొదటి విడతలో అనుమానం అని చెప్పి తీరా క్యాన్సర్ లేదని తేల్చారు. చిత్రం స్పష్టంగా రావడానికి గడోలినియం అనే మందు ఎక్కించాలి, సొరంగంలాంటి గొట్టంలో కదలకుండా బోర్లా పడుకోవాలి, కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉన్నవారికి కుదరదు. బ్రిటన్‌లో 2025లో ఫలితాలు వెలువడిన మరో అధ్యయనం, దట్టమైన రొమ్ము ఉండి మామోగ్రామ్ బాగానే వచ్చినవారిలో మూడు తోడు పరీక్షలను పోల్చింది. క్లుప్తంగా చేసే ఎం.ఆర్.ఐ. వెయ్యికి 17.4, అయోడిన్ మందు ఎక్కించి తీసే మామోగ్రామ్ 19.2, యంత్రంతో చేసే అల్ట్రాసౌండ్ 4.2 క్యాన్సర్లను అదనంగా పట్టుకున్నాయి. ఎం.ఆర్.ఐ. దొరకనివారికి అయోడిన్ మామోగ్రామ్ మంచి ప్రత్యామ్నాయం కాబోతోందని దీన్నిబట్టి అనుకోవచ్చు, ఆ మందు కొందరికి పడదన్న సంగతి మరవకుండా.

ఇన్ని అంకెలు ఉన్నా ఈ తోడు పరీక్షల వల్ల మరణాలు తగ్గుతాయని ఇంకా రుజువు కాలేదు. అందుకే నా సలహా ఇది: సగటు ముప్పు, ఎ లేదా బి సాంద్రత ఉన్నవారికి మామోగ్రామ్ ఒక్కటే చాలు. సి ఉండి వేరే ముప్పేదీ లేనివారు వైద్యుడితో మాట్లాడి అల్ట్రాసౌండ్ కలుపుకోవచ్చు, కలుపుకోకపోయినా ఫర్వాలేదు. డి ఉన్నవారు ఎం.ఆర్.ఐ. గురించి తప్పకుండా అడగాలి.

చేతి పరీక్ష సంగతి. షాంఘై జౌళి మిల్లుల్లో 2,66,064 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనంలో, సొంతంగా రొమ్ము పరీక్షించుకోవడం నేర్పినవారిలో 135 మంది, నేర్పనివారిలో 131 మంది రొమ్ము క్యాన్సర్‌తో మరణించారు. అంటే తేడా లేదు. నేర్చుకున్నవారికి అక్కరలేని బయాప్సీలు మాత్రం ఎక్కువయ్యాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేసే పరీక్ష సంగతి వేరు. ముంబైలో 1998లో మొదలై 1,51,538 మందిని ఇరవై ఏళ్లు గమనించిన టాటా మెమోరియల్ ఆసుపత్రి అధ్యయనంలో, రెండేళ్లకోసారి అలా పరీక్షించినవారిలో జబ్బు ముందు దశలో బయటపడింది, యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువారిలో మాత్రం ఆ లాభం కనబడలేదు. మామోగ్రామ్ అందుబాటులో లేనిచోట ఇది విలువైన పద్ధతి. అందుబాటులో ఉన్నచోట తన రొమ్ము ఎప్పుడూ ఎలా ఉంటుందో గమనించుకుంటూ, మార్పు వస్తే వెంటనే చూపించుకుంటే చాలు.

వేడిని చిత్రించే థర్మోగ్రఫీని మామోగ్రామ్‌కు బదులుగా అమ్మేవారిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పలుమార్లు హెచ్చరించింది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

పరీక్షకు వెళ్లే చోటు, వెళ్లే రోజు

యంత్రం ఏ కంపెనీదని అడగడం కన్నా, చిత్రాలు ఎవరు చూస్తారని అడగడం ఎక్కువ ఉపయోగం. బ్రిటన్‌లోను, అనేక యూరప్ దేశాల్లోను ప్రతి మామోగ్రామ్‌ను ఇద్దరు విడివిడిగా చదువుతారు. స్వీడన్‌లో 80,033 మంది మీద జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో కృత్రిమ మేధ తోడుతో చదివినప్పుడు, క్యాన్సర్లు పట్టుబడడం తగ్గకుండానే చదివేవారి పని 44 శాతం తగ్గింది. అనుమానం వస్తే అదనపు చిత్రాలు, అల్ట్రాసౌండ్, బయాప్సీ అక్కడే చేస్తారా అన్నది రెండో ప్రశ్న. మూడోది, నా దృష్టిలో అందరూ నిర్లక్ష్యం చేసేది, పాత చిత్రాలు. పదేళ్లుగా మారని మచ్చ నిరపాయమైనది, నిరుడు లేని మచ్చ ఆలోచించవలసినది. పాత చిత్రాలు లేకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకే చోట చేయించుకోవడం, చోటు మారితే పాత డిస్క్ వెంట తీసుకెళ్లడం వల్ల ఎన్నో అనవసరపు పిలుపులు తప్పుతాయి.

ముట్లు వస్తున్నవారు నెలసరి ముగిసిన తరువాతి వారంలో వెళ్తే నొప్పి తక్కువ. చంకలోనూ రొమ్ము మీదా పౌడర్, డియోడరెంట్ రాసుకోకూడదు, వాటిలోని రేణువులు చిత్రంలో కాల్షియం మచ్చల్లా కనిపించవచ్చు. అదమడం కొన్ని క్షణాలే. ఇంప్లాంట్లు ఉన్నవారు ముందే చెప్పాలి, వారికి అదనపు చిత్రాలు తీస్తారు.

ఫలితం వచ్చాక

రిపోర్టు చివర బై-రాడ్స్ అని, అనుమానం ఏపాటిదో చెప్పే ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే క్యాన్సర్ అని కాదు, పరీక్ష పూర్తికాలేదు, ఇంకా చిత్రాలు కావాలని. 1, 2 మామూలువి. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలల్లో మళ్లీ చూడాలి; ఆ ఆరు నెలలు ఆగలేక బయాప్సీ చేయించుకునేవారు ఉన్నారు, అసలు వెళ్లడమే మరిచేవారూ ఉన్నారు, రెండోదే ఎక్కువ ప్రమాదం. 4 అంటే 2 నుంచి 95 శాతం దాకా ఎంతైనా కావచ్చు, బయాప్సీ అవసరం. 5 అంటే 95 శాతం లేదా అంతకు మించి.

మళ్లీ రమ్మని పిలుపు వచ్చినంతమాత్రాన గుండె జారనక్కరలేదు. అమెరికాలో వెయ్యి మందికి స్క్రీనింగ్ చేస్తే సుమారు వంద మందిని పిలుస్తారు, వారిలో చివరికి క్యాన్సర్ తేలేది అయిదుగురికి. అక్కడ పదేళ్లపాటు ఏటా చేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ఒక్కసారైనా ఇలాంటి తప్పుడు పిలుపు వస్తుంది. బ్రిటన్‌లో వెయ్యికి సుమారు నలభై మందినే పిలుస్తారు, వారిలో నలుగురికి ఒకరికి క్యాన్సర్ ఉంటుంది.

బయాప్సీ దాకా వస్తే అక్కడా ఒక ఎంపిక ఉంటుంది. సన్న సూదితో కణాలను లాగే పరీక్ష త్వరగా అవుతుంది, కానీ క్యాన్సర్ నాళం లోపలే ఉందా బయటికి చొరబడిందా అన్నది చెప్పలేదు. కోర్ బయాప్సీలో బోలు సూదితో దారంలాంటి ముక్క తీస్తారు, దాన్నిబట్టి రకమూ, హార్మోన్ గ్రాహకాలూ, హెర్2 అనే ప్రొటీన్ స్థితీ తెలుస్తాయి, చికిత్స వరుస వాటి మీదే ఆధారపడుతుంది. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. ఏ సూది పరీక్షా లేకుండా నేరుగా గడ్డ తీసేద్దామని ఎవరైనా అంటే, కోర్ బయాప్సీ ముందెందుకు చేయడం లేదని అడిగి, తగిన కారణం చెప్పకపోతే రెండో అభిప్రాయం తీసుకునే దాకా శస్త్రచికిత్సకు ఒప్పుకోవద్దు.